విరిగిన గొడుగు గుడ్డతో సంచి, స్కూలు బ్యాగుకి వాన కవరు, ఇంకొన్ని

గొడుగు పాడయిందంటే నూటికి తొంభై సార్లు పాడయ్యేది ఊచలే. గాలికి తిరగబడి ఒక ఊచ వంగుతుంది, కీలు దగ్గర రివెట్టు ఊడుతుంది, బటన్ నొక్కినా తెరుచుకోదు. గుడ్డ మాత్రం ఇంకో నాలుగైదేళ్ళు వాననీటిని ఆపగలిగిన స్థితిలోనే ఉంటుంది. మామూలు 21 అంగుళాల మడత గొడుగులో దాదాపు ముప్పావు చదరపు మీటరు గుడ్డ దొరుకుతుంది. తేలికగా ఉంటుంది, తడిసినా దులిపితే చాలు ఆరిపోతుంది, మడిస్తే గుప్పిట్లో పడుతుంది. కూరగాయల సంచికి ఇంతకంటే ఏం కావాలి?

పని మొదలుపెట్టే ముందు ఒక మాట. ఊచ కొసన టోపీ దగ్గర దారం తెగి గుడ్డ వేలాడుతుంటే అది విరిగిన గొడుగు కాదు. సూదీ దారంతో అయిదు నిమిషాల్లో నాలుగు కుట్లు వేసుకోండి. ఒక్క ఊచే విరిగితే వానాకాలం మొదట్లో ఫుట్‌పాత్ మీద కూర్చునే గొడుగుల బాగుచేతవాళ్ళు పాత గొడుగు ఊచ ఒకటి తీసి వేసేస్తారు. రెండు మూడు ఊచలు పోయినా, గొట్టం వంగినా అప్పుడు కత్తెర తీయండి. గుడ్డ తీసుకున్నాక మిగిలిన చట్రాన్ని వాళ్ళకే ఇస్తే విడిభాగాలకి పనికొస్తుంది.

గుడ్డ పనికొస్తుందా లేదా

నాలుగు పరీక్షలు చేయాలి. ఇవి చేయకుండా కుడితే రెండు గంటల కష్టం బజారులో చిరుగుతుంది.

మొదటిది, మడతల దగ్గర బలం. మడత గొడుగు గుడ్డ ఏళ్ళ తరబడి ఒకే గీత మీద మడతపడుతుంది కాబట్టి ముందు చచ్చేది ఆ గీతే. గీతకి అటూ ఇటూ బొటనవేళ్ళు పెట్టి గట్టిగా లాగండి. టప్పున చీలితే ఎండకి గుడ్డ కుళ్ళిపోయినట్టే, వదిలేయండి. గుడ్డని వెలుతురుకి పట్టి చూస్తే ఆ గీతల వెంట సన్నని చిల్లులు కూడా కనిపిస్తాయి.

రెండోది, లోపలి పూత. చాలా గొడుగుల గుడ్డకి లోపలి వైపు రబ్బరులాంటి సన్నని పూత ఉంటుంది. తేమలో ఏళ్ళు గడిచాక అది జిగురుగా మారుతుంది, పొలుసులుగా రాలుతుంది. వేలికి అంటుకుంటుంటే ఆ గుడ్డని ఏ సబ్బూ బాగుచేయలేదు. ఎండ గొడుగులకుండే వెండిరంగు పూతని కూడా నల్లటి గుడ్డతో రుద్ది చూడండి. పొడి అంటితే దాన్ని కూరగాయల సంచికి వాడొద్దు, బండి సీటు కవరుకో బ్యాగు కవరుకో ఉంచుకోండి.

మూడోది, గుడ్డ రకం. అంచున ఒక పోగు లాగి, చిమటాతో పట్టుకుని నీళ్ళ గిన్నె పక్కన పెట్టుకుని అగ్గిపుల్లకి చూపించండి. కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే పాలిస్టర్ లేదా నైలాన్. కాగితం కాలిన వాసనతో బూడిద రాలితే నూలు. పాతకాలపు నల్ల గొడుగుల్లో కొన్నింటికి ఇప్పటికీ నూలుగుడ్డే ఉంటుంది. నూలయితే రంగు దిగుతుంది, విడిగా ఉతకాలి. అంచు పోగులు వస్తాయి, కాబట్టి ముక్కలు కోయగానే ఓవర్‌లాక్ చేయించుకోవాలి. చీరలకి పీకో చేసే దుకాణంలో అడిగితే చేసిపెడతారు. ఇక్కడి నుంచి చెప్పేదంతా పాలిస్టర్, నైలాన్ గుడ్డ గురించి.

నాలుగోది మరకలు. తుప్పు మరకకి నిమ్మరసం, ఉప్పు కలిపి రాసి అరగంట ఎండలో పెడితే చాలావరకు పోతుంది. రంగు గుడ్డయితే ముందు ఒక మూల మీద రాసి చూడండి. బూజు నల్ల చుక్కలు పూర్తిగా పోకపోవచ్చు, వాటిని సంచి అడుగు భాగానికి తోసేయండి.

చట్రం నుంచి గుడ్డ విడదీయడం

దెబ్బలు తగిలేది ఇక్కడే. బటన్ నొక్కితే తెరుచుకునే గొడుగుని ముందు పూర్తిగా తెరిచి, తెరిచి ఉండగానే పని మొదలుపెట్టండి. మూసి ఉన్న గొడుగు గొట్టంలో స్ప్రింగు బిగించి ఉంటుంది, గుడ్డ కోస్తుండగా బటన్ తగిలితే ఊచలు ముఖం మీదికి వస్తాయి. తెరవడం, మూయడం రెండూ బటన్‌తోనే జరిగే గొడుగు గొట్టాన్ని రంపంతో కోయొద్దు, ప్లయర్‌తో నొక్కొద్దు. లోపల స్ప్రింగు, దారం రెండూ ఉంటాయి. గుడ్డ తీసుకుని చట్రాన్ని అలాగే పక్కన పెట్టేయడం మేలు.

గుడ్డ చట్రానికి మూడు చోట్ల అంటుకుని ఉంటుంది. ఊచల కొసల దగ్గర ఎనిమిది టోపీలు. ఊచ మధ్య కీళ్ళ దగ్గర దారపు ముడులు, ఇవి గుడ్డ లోపలి వైపు కుట్టు మీద ఉంటాయి. ఆఖరుగా నడినెత్తిన ఉండే టోపీ. ముందు మధ్య ముడులు కోయండి, తర్వాత కొసలు, చివరికి నడినెత్తి. కొసలు ముందు కోస్తే గుడ్డ వదులై మధ్య ముడులు దొరకవు, తొందరలో లాగితే సరిగ్గా అక్కడే చిరుగుతుంది. నడినెత్తి టోపీ మరతో ఉంటే ఎడమ వైపు తిప్పితే వస్తుంది. జిగురుతో అంటించి ఉంటే దానితో కుస్తీ పట్టకుండా చుట్టూ సెంటీమీటరు వదిలి గుడ్డనే గుండ్రంగా కోసేయండి.

గుడ్డని కట్టిపెట్టే వెల్క్రో పట్టీని పారేయకండి. పని ఉంది.

తర్వాత గోరువెచ్చని నీళ్ళు, కాస్త బట్టల సబ్బుతో చేత్తో ఉతికి నీడలో ఆరేయండి. పిండొద్దు, పూత పగులుతుంది. ఇస్త్రీ తప్పదనుకుంటే నైలాన్ గుర్తు దగ్గర పెట్టి, పైన నూలు గుడ్డ వేసి, పూత లేని వైపు నుంచి చేయండి.

కుట్టే ముందు

గొడుగు గుడ్డకి సూది పెట్టిన చిల్లు మళ్ళీ పూడదు. గుండుసూదులు గుచ్చొద్దు, పేపరు క్లిప్పులో చిన్న బట్టల క్లిప్పులో పెట్టండి. కచ్చా కుట్టు వేయక తప్పకపోతే కోసేసే అంచు లోపలే వేయండి.

మిషన్‌కి 11 నంబరు కొత్త సూది పెట్టండి. నాలుగు మడతలు పడే చోట 14. పాత సూదితో కుడితే గుడ్డ ముడుచుకుంటుంది, మీరేమో టెన్షన్ తిప్పుతూ కూర్చుంటారు. దారం పాలిస్టర్ మాత్రమే. నూలు దారం తడికి పాడవుతుంది, గుడ్డ కంటే ముందే తెగుతుంది. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి ఎనిమిది కుట్లు. దగ్గర కుట్లు గట్టిగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. పల్చటి గుడ్డ మీద దగ్గర కుట్లు పోస్టల్ స్టాంపు చిల్లుల్లా పనిచేస్తాయి, బరువు పడగానే ఆ వరుస వెంటే చీలుతుంది.

పూత ఉన్న వైపు పైకి వస్తే మిషన్ పాదానికి అతుక్కుని గుడ్డ జరగదు. పైన రెండు వేళ్ళ వెడల్పు పల్చటి కాగితం పట్టీ పెట్టి కాగితంతో సహా కుట్టి, తర్వాత చింపేయండి. కొద్దిగా పౌడరు రాసినా జరుగుతుంది.

భుజాన వేసుకునే సంచి

చాలామంది చేసే తప్పు, గొడుగు గుడ్డని పరిచి మధ్యలోంచి రెండు చతురస్రాలు కోయడం. సగం గుడ్డ మూలల్లో వృథా అవుతుంది, పైగా నడినెత్తి చిల్లు సంచి మధ్యకి వస్తుంది. గుడ్డలో ఉన్నవి ఎనిమిది త్రికోణాలు. ఒకటి కొన పైకి, పక్కది కొన కిందికి పెట్టి కుడుతూ పోతే పట్టీ అవుతుంది, దాని రెండు చివర్లూ కలిపితే గొట్టం అవుతుంది. నాలుగు త్రికోణాలతో ఒక సంచి, మిగిలిన నాలుగింటిలోంచి పట్టీలు వస్తాయి.

ముక్కల మధ్య కుట్లు విప్పే పని పెట్టుకోకండి. కుట్టుకి ఆనుకుని లోపలి వైపు కత్తెరతో కోసేయండి. ఒక్కో పక్క సెంటీమీటరు పోతుంది, గంట సమయం మిగులుతుంది. త్రికోణాల పక్కలు కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి. అందుకే వార్తాపత్రికలో ఒక నమూనా కోసుకోండి: అడుగు 36 సెం.మీ., అడుగు మధ్య నుంచి కొన దాకా 46 సెం.మీ. అడుగు అంచున ఉన్న పాత మడత నమూనాలోకి రాకుండా చూసి, సుద్దతో గీసి నాలుగు ముక్కలూ ఒకే కొలతకి తెచ్చుకోండి. కొన ఒకటి రెండు సెంటీమీటర్లు మొద్దుగా ఉన్నా ఫర్వాలేదు, ఎలాగూ పోతుంది. 23 అంగుళాల కర్ర గొడుగయితే దీనికంటే పెద్ద ముక్కలొస్తాయి, నమూనా ఆ మేరకు పెంచుకోండి.

1. ప్రతి ముక్క రెండు పక్కలా, అడుగు మూల నుంచి 24 సెం.మీ. దగ్గర సుద్దతో గుర్తు పెట్టండి. ఒక ముక్క కొన పైకి, ఇంకోటి కిందికి పెట్టి, గుర్తుకి గుర్తు కలిపి క్లిప్పులు పెట్టండి. కొనని మూలతో కలపాలని చూడొద్దు. కొనలు ఒక్కోటి ఒక్కో తీరుగా తెగి ఉంటాయి, వాటిని నమ్మితే సంచి మూతి మెట్లు మెట్లుగా వస్తుంది.

2. ఒక సెం.మీ. అంచు వదిలి కుట్టండి. త్రికోణం పక్కలు గుడ్డ నేతకి ఏటవాలుగా ఉంటాయి కాబట్టి లాగితే సాగుతాయి. వెనక నుంచి లాగకుండా మిషన్ తీసుకున్నంతే వదలండి. కుట్టాక అంచుల్లో ఒకదాన్ని సగానికి కత్తిరించి, రెండోదాన్ని దాని మీదికి మడిచి, ఒక పక్కకి పడుకోబెట్టి మడత మీద రెండో కుట్టు వేయండి. జీన్స్ ప్యాంటు కాళ్ళ లోపలి పక్క కుట్టు చూడండి, అదే పద్ధతి. దీంతో పోగులు లోపలికి పోతాయి, బరువు రెండు వరుసల మీద పంచుకుంటుంది.

3. నాలుగూ కలిపాక మొదటి ముక్క పక్కా, నాలుగో ముక్క పక్కా ఒకే వాలులో ఉంటాయి. వాటిని కలిపితే గొట్టం. ఈ ఆఖరి కుట్టుకి మడత కుట్టు మిషన్‌లో పట్టడం కష్టమనిపిస్తే రెండు వరుసలు కుట్టి, అంచుని వెలిగించిన అగరుబత్తి కొసతో తాకించుకుంటూ పొండి, కరిగి మూసుకుంటుంది. తాకించాలి, ఆపకూడదు. ఆపితే చిల్లు.

4. గొట్టాన్ని పరిచి పైనా కిందా ఎగుడుదిగుడుగా ఉన్న రెండు మూడు సెంటీమీటర్లు స్కేలు పెట్టి కోసేయండి. ఇప్పుడు మీ దగ్గర దాదాపు 31 సెం.మీ. వెడల్పు, 41 సెం.మీ. ఎత్తు గొట్టం ఉంటుంది.

5. లోపలి వైపు బయటికి తిప్పి అడుగు కుట్టండి, రెండు వరుసలు. తర్వాత ఒక మూలని పట్టుకుని, అడుగు కుట్టు సరిగ్గా మధ్యకి వచ్చేలా త్రికోణంగా చదును చేయండి. కొన నుంచి లోపలికి వస్తూ అడ్డంగా 10 సెం.మీ. వచ్చిన చోట గీత గీసి రెండుసార్లు కుట్టండి. రెండో మూల కూడా అంతే. మిగిలిన త్రికోణపు చెవుల్ని కోయకుండా అడుగు మీదికి మడిచి చేత్తో నాలుగు కుట్లు వేయండి. బరువు ముందు పడేది అక్కడే, రెండో పొర ఊరికే దొరికినట్టు.

6. పట్టీలు. మిగిలిన నాలుగు త్రికోణాల్లో ఒక్కోదాని నిలువు మధ్యలో 10 సెం.మీ. వెడల్పు, 33 సెం.మీ. పొడవు ముక్క వస్తుంది. రెండేసి కలిపితే 64 సెం.మీ. పట్టీలు రెండు. భుజానికి ఇది సరిపోతుంది. ఒక్కోదాన్ని నిలువుగా నాలుగు మడతలు పెడితే రెండున్నర సెం.మీ. వెడల్పు అవుతుంది. మడత లోపల పాత ప్యాంటు నడుము పట్టీయో నూలు నాడాయో పెట్టి కుట్టండి. వట్టి గొడుగు గుడ్డ పట్టీ కిలో దాటితే తాడులా నులిగి భుజాన్ని కోస్తుంది.

7. సంచి మూతిని ముందు ఒక సెం.మీ., తర్వాత 2 సెం.మీ. లోపలికి మడవండి. పక్క నుంచి 8 సెం.మీ. దూరంలో పట్టీ కొసని ఆ మడతలో దూర్చి, మూతి చుట్టూ కుట్టండి. తర్వాత పట్టీని పైకి తిప్పి, మడత మీద చదరంగా ఒక కుట్టు, ఆ చదరంలో అడ్డంగా ఇంటూ గుర్తులా ఇంకో కుట్టు. లోపలి వైపు 5 సెం.మీ. చదరపు ముక్క ఒకటి అదనంగా పెట్టండి. చిరిగే సంచుల్లో ఎక్కువ భాగం ఈ నాలుగు చోట్లే చిరుగుతాయి. చిరిగేది దారం కాదు, దారం చుట్టూ గుడ్డ. రెండో పొర లేకపోవడమే కారణం.

ఇక ఆ వెల్క్రో పట్టీ. మూతికి 12 సెం.మీ. కింద, పక్క కుట్టు మీద కుట్టేయండి. సంచిని మడిచి చుట్టి దాంతో బిగిస్తే హ్యాండ్‌బ్యాగులో, బండి డిక్కీలో మూలన పడుంటుంది.

పూర్తయిన సంచి మూతి 31 సెం.మీ., ఎత్తు 32, అడుగు వెడల్పు 10 ఉంటుంది. మూడు కిలోల కూరగాయలు మోస్తుంది. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు అడుగున, ఆకుకూర పైన. చేపలకి వాడితే ఇంటికి రాగానే తిరగేసి కడగాలి, కుట్ల సందుల్లో వాసన పట్టుకుంటుంది. వండిన పదార్థాలు, కోసిన పండ్లు నేరుగా అందులో వేయొద్దు. ఆ పూత తిండి కోసం చేసింది కాదు. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు దేశమంతటా నిషేధం. ఇలాంటి సంచి ఒకటి జేబులో ఉంటే కూరగాయల బండి దగ్గర ఆ గొడవే ఉండదు.

స్కూలు బ్యాగుకి వాన కవరు

గుడ్డ ఎక్కడా చిరగకుండా పూర్తిగా ఉంటే సంచి కుట్టకండి, ఇది చేయండి. ముక్కలు కోసే పనే లేదు, ఎందుకంటే గొడుగు గుడ్డ అప్పటికే బోర్లించిన గిన్నె ఆకారంలో ఉంటుంది. 45 సెం.మీ. ఎత్తు, 30 వెడల్పు, 18 మందం ఉన్న బ్యాగుకి 21 అంగుళాల గొడుగు గుడ్డ సరిపోతుంది.

నడినెత్తి చిల్లు బ్యాగు ముందువైపు నడిమధ్యకి వస్తుంది, సరిగ్గా వాన కొట్టే చోటు. కాబట్టి ముందు దాన్ని మూయాలి. ఇంకో గొడుగు నుంచో, దాని తొడుగు నుంచో 8 సెం.మీ. గుండ్రటి ముక్క కోసి, బయటి వైపు పెట్టి రెండు వరుసలు కుట్టి, లోపలి వైపు కుట్ల మీద పల్చగా రబ్బరు జిగురు రాసి రాత్రంతా ఆరనివ్వండి.

అంచు పాత మడత ఎలాస్టిక్ పట్టనంత సన్నం. ఇంకో 2 సెం.మీ. లోపలికి మడిచి చుట్టూ కుట్టండి, 3 సెం.మీ. సందు వదలండి. ఒక సెం.మీ. వెడల్పు ఎలాస్టిక్ 90 సెం.మీ. తీసుకుని, కొసకి పిన్నీసు పెట్టి సందులోంచి తిప్పి రెండు కొసలూ కలిపి కుట్టండి. రెండో కొసని ముందే అంచుకి క్లిప్పు పెట్టి ఉంచుకోండి, లేకపోతే లోపలికి జారిపోయి మళ్ళీ మొదటికొస్తుంది.

ఎలాస్టిక్ ఒక్కటే చాలదు. బండి మీద వెళ్తుంటే గాలి దూరి కవరు గొడుగులాగే ఉబ్బి ఎగిరిపోతుంది. వెనక అడ్డంగా కట్టుకునేందుకు రెండు నాడాలు కుట్టండి. అడుగున మడతలో నీళ్ళు నిలుస్తాయి కాబట్టి అక్కడ అగరుబత్తితో ఒక చిన్న చిల్లు పెట్టండి.

ఇదే పద్ధతిలో స్కూటరు సీటు కవరు కూడా వస్తుంది, సీటు పొడవు మాత్రం కొలుచుకోండి. సైకిలు సీటుకి రెండు ముక్కలు కలిపి చుట్టూ ఎలాస్టిక్ వేస్తే సరి. ఇంకా మిగిలిన చిన్న ముక్కలు తడి చెప్పులు వేసుకునే సంచులకో, ఛార్జరు పెట్టుకునే జేబులకో.

చట్రంతో

వంకీ పిడి ఉన్న కర్ర గొడుగు చట్రం, ఒకటి రెండు ఊచలు పోయినా, బాల్కనీలో చిన్న బట్టలు ఆరేసుకోవడానికి బాగుంటుంది. తెరిచి, వంకీని కడ్డీకి తగిలిస్తే ఊచలు గిన్నెలా పైకి విచ్చుకుంటాయి. అలాగే బట్టలు వేస్తే మాత్రం ఊచలు పక్కలకి ఊగి కీళ్ళు విరుగుతాయి. అన్నాళ్ళూ వాటిని బిగువుగా ఉంచింది గుడ్డే, ఇప్పుడది లేదు. సన్నని నైలాన్ తాడు తీసుకుని, ప్రతి ఊచ కొసకీ ముడి వేస్తూ చుట్టూ తిప్పండి, ముడికీ ముడికీ మధ్య 35 సెం.మీ. ఊచ పోయిన చోట ఆ రెట్టింపు దూరం వస్తుంది, అంతే. ఇప్పుడు ఆ తాడే దండెం. సాక్సులు, చేతిరుమాళ్ళు, పసిపిల్లల బట్టలు క్లిప్పులతో వేయండి. తడి ప్యాంటు వేయొద్దు. ఇనుప ఊచల తుప్పు బట్టలకి అంటకుండా పాత కరెంటు వైరు తొడుగో ప్లాస్టిక్ గొట్టమో ఎక్కించండి.

వంకీ లేని చట్రాన్ని కుండీలో తెరిచి పాతితే చిక్కుడు, కాకర తీగలకి చిన్న పందిరి అవుతుంది. పైన దోమతెర ముక్క కప్పితే నారు ఉడతల పాలు కాదు. విడి ఊచలు టమాటా, వంగ మొక్కలకి ఊతం. కొసకి ఉన్న టోపీ పైకి ఉండేలా పాతండి, వంగినప్పుడు కంట్లో గుచ్చుకోకుండా. ఇనుప ఊచని ప్లయర్‌తో కోస్తే ముక్క ఎగురుతుంది, పాత గుడ్డ చుట్టి కోయండి. ఫైబర్ ఊచల్ని అసలు కోయొద్దు. విరిచిన చోట వెంట్రుకల్లాంటి ముళ్ళు లేస్తాయి, చేతిలో దిగితే తీయడం నరకం. ఉన్న పొడవునే వాడుకోండి, విరిగిన కొసకి ఇన్సులేషన్ టేపు చుట్టండి.

మిగిలింది పాత ఇనుప సామాన్లవాడికి. ఇచ్చే ముందు గొట్టానికి అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే అది అల్యూమినియం కావచ్చు, ఇనుముతో కలిపి తూయనివ్వకండి, దాని ధర వేరు.